జ్ఞాపకమునకు నివాసమెచ్చట?

(పాఠశాల వార్షికోత్సవ సభలో ఒక పూర్వవిద్యార్థి చేసిన ఉపన్యాసము)

 

ఈ పాఠశాలలో తెలుగు అక్షరములు దిద్దుకొన్నవాడను నేను. ఆనాడు నేను బెంచీ మీద కూర్చున్న చోటనే నేడు నిలిచి మాటలాడుట నాకు సంతోషమును, కొంత బెదురును గూడ కలిగించుచున్నది. చిరకాలము కళాశాలలో జీవశాస్త్రమును బోధించితిని గావున, ఏదైన శాస్త్రవిషయమును గూర్చి చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. విషయమును ఎన్నుకొను భారము మాత్రము నాకే విడిచిరి.

మనము చూచినది, వినినది, నేర్చినది మనలో ఎచ్చట నుండును? మెదడు దానిని ఎట్లు దాచును? ఈ ప్రశ్నను నేను ఎన్నుకొంటిని. దీనికి సమాధానముగా శాస్త్రజ్ఞులలో పెక్కుమంది అంగీకరించిన మతమొకటి కలదు. దానికి భిన్నముగా బయలుదేరిన వింత సిద్ధాంతములును కలవు. ఆ వింత సిద్ధాంతములను గూర్చియే నేడు ముఖ్యముగా చెప్పదలచితిని. ఎందుకనగా, వానిలో ఒకదానిని నేను ఒకప్పుడు మనసార నమ్మగోరితిని.

ఆ కథతోనే ప్రారంభింతును.

మా తల్లి కావేరీతీరమున పుట్టి పెరిగినది. మా ఇంట తెలుగు, వీధిలో తమిళము. ఆమె రెండింటిని సమానముగా మాటలాడెడిది. డెబ్బదియెనిమిదవ యేట ఆమెకు మఱపు వ్యాధి సోకినది. మొదట పొయ్యిమీద పెట్టిన పాలను మఱచినది. పిమ్మట ఉదయము వచ్చి పోయినవారిని మఱచినది. క్రమముగా మనుమల పేర్లు, తుదకు నా పేరు మఱచినది. నలుబదియేండ్లుగా బేరమాడిన కూరగాయలామెతో తమిళమున ఒక్కమాటయు చెప్పలేక, తన చిన్ననాటి తెలుగులో పలుకరింపసాగినది. కాని సాయంకాలము దీపము పెట్టువేళ, తన తండ్రి నేర్పిన త్యాగరాజ కీర్తనను పల్లవి మొదలు చరణము వఱకు తప్పులేకుండ పాడెడిది. పాట ముగిసిన వెంటనే నా వంక చూచి, “నాయనా, నీవెవరి అబ్బాయివి?” అని అడిగెడిది.

ఆ మాట మొదటిసారి విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కీర్తన ఎచ్చట నున్నది? నా పేరు ఎచ్చటికి పోయినది? నిజముగా నశించినదా, లేక ఎచ్చటనో భద్రముగ నుండి ఆమెకు అందకున్నదా? శాస్త్రము చదివినవాడనైనను, రెండవదే నిజము కావలెనని కోరుకొంటిని. ఆ కోరికతోనే పుస్తకములు వెదకితిని.

ముందుగా అంగీకృతమైన మతమును సంగ్రహముగా చెప్పెదను. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవు. ఒక్కొక్క కణము వేలకొలది సంధులచేత ఇతర కణములతో కలిసియుండును. ఒక కణము మఱియొకదానిని మాటిమాటికి ప్రేరేపించుచుండిన యెడల వాని నడుమనున్న సంధి బలపడునని, నేర్చుకొనుట యనగా నిదియే యని 1949లో కెనడా దేశపు మనశ్శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ హెబ్ ప్రతిపాదించెను. పదిమంది నడచినకొలది పొలమున కాలిబాట ఏర్పడునట్లన్నమాట. 1973లో బ్లిస్, లోమో అనువారు కుందేలు మెదడులో ఇట్టి బలపాటు కొన్ని గంటలసేపు నిలుచుట కనుగొనిరి. ఎరిక్ కాండెల్ సముద్రపు నత్తలో ఈ మార్పునకు కారణమైన రసాయనక్రియలను వివరించి 2000లో నోబెల్ బహుమతిని పంచుకొనెను.

ఈ మతము ప్రకారము జ్ఞాపకము ఒక వస్తువు కాదు, ఒక అమరిక. మెదడులో దాని గుర్తునకు ‘ఎన్‌గ్రాం’ అను పేరును జర్మను పండితుడు రిచర్డ్ సేమన్ 1904లోనే పెట్టెను. పేరు పెట్టుట సులభమే. దానిని కనుగొనుటయే కష్టమైనది.

అమెరికాలో కార్ల్ లాష్లీ అను శాస్త్రజ్ఞుడు ఎలుకలకు చిక్కుదారులు నేర్పి, పిమ్మట వాని మెదడు పైపొరలో ఒక్కొక్క భాగమును తొలగించి చూచెను. దారి ఏ భాగమున వ్రాయబడియున్నదో తెలియునని అతని ఆశ. ఏ భాగము తీసినను ఎలుక దారిని పూర్తిగా మఱువలేదు. ఎక్కడ తీసితిమన్న దానికంటె ఎంత తీసితిమన్న దానినిబట్టియే మఱపు ఏర్పడినది. ఈ అన్వేషణ చరిత్రను 1950లో వ్రాయుచు, సాక్ష్యములన్నియు చూడగా నేర్చుకొనుట అనునదియే అసాధ్యమని తేల్చవలసివచ్చునేమో యని అతడు పరిహసించుకొనెను.

ఈ చిక్కునుండియే మొదటి వింత సిద్ధాంతము పుట్టినది. డెనిస్ గాబర్ 1947లో కనిపెట్టిన హోలోగ్రాం అను చిత్రణపద్ధతిని మీలో కొందరు వినియుందురు. అందు వస్తువుయొక్క రూపము పలకయంతట వ్యాపించియుండును. పలకను ముక్కలు చేసినను ఒక్కొక్క ముక్కలో పూర్తి రూపము, కొంత మసకగా, కనబడును. లాష్లీతో కలిసి పనిచేసిన కార్ల్ ప్రిబ్రం అను వైద్యుడు, మెదడుకూడ జ్ఞాపకమును ఈ విధముగనే అంతట పఱచి దాచుననెను. వినుటకు ఎంత ఇంపుగ నున్నదో చూడుడు! ఒక మూల చెడినను మొత్తము మిగులును. నా తల్లి యెడల నాకు కావలసినదియు అదియే.

కాని లాష్లీ వ్యాసము వెలువడిన మూడేండ్లకే, 1953లో, అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున ఒక శస్త్రచికిత్స జరిగినది. హెన్రీ మొలైసన్ అను యువకునికి మూర్ఛలు తగ్గించుటకై వైద్యుడు స్కోవిల్ మెదడునకు ఇరుప్రక్కల లోపలి భాగములను, హిప్పోకాంపస్ అను దానిలో చాలవఱకును తొలగించెను. మూర్ఛలు తగ్గినవి. కాని ఆనాటినుండి 2008లో మరణించువఱకు అతనికి కొత్త సంగతి ఒక్కటియు మనసున నిలువలేదనవచ్చును. ఎన్నోమాఱులు చూచిన పరీక్షకురాలు బ్రెండా మిల్నరును ప్రతిసారి కొత్తమనిషి వలెనే పలుకరించెను. విచిత్రమేమన, అద్దములో చూచుచు నక్షత్రపు గీతను దిద్దు పనిలో అతడు నానాటికి నేర్పు సంపాదించెను. తాను దానిని ఎన్నడును చేయలేదనియే చెప్పుచుండెను. కావున జ్ఞాపకము ఒక్కటి కాదు, పెక్కు విధములు. ఒక్కొక్క విధమునకు మెదడులో వేఱువేఱు ఆధారములు కలవు. అంతటను సమానముగ పఱచియుండు హోలోగ్రాం ఈ సాక్ష్యము నెదుట నిలువలేదు.

అట్లయిన ప్రిబ్రం శ్రమ వృథాయా? నేనట్లనను. ఒక జ్ఞాపకము ఒక కణమున గాక పెక్కు కణముల సంధులలో విస్తరించియుండునను భావము నేటికిని జీవించియున్నది. 1982లో జాన్ హాప్‌ఫీల్డ్ ఇట్టి అల్లికను గణితమున నిర్మించి, రూపములో కొంతభాగమును చూపిన చాలును, తక్కినది అదియే పూరించుకొనునని నిరూపించెను. 2024లో భౌతికశాస్త్రపు నోబెల్ బహుమతిలో ఆయనకు భాగము లభించినది. ఇది హోలోగ్రాం సిద్ధాంతము కాదు. కాని ఆ సిద్ధాంతము అడిగిన ప్రశ్న మంచిదని తెలుపుచున్నది. అవధాని ధారణవేళ సమస్యలోని ఒక్క పదము తలంపునకు రాగానే పద్యమంతయు ధారగ సాగుట మనమెఱిగినదే గదా!

రెండవ వింత సిద్ధాంతము పురుగుల కథ. చెఱువులలో ప్లనేరియా అను చిన్న చదునుపురుగులు కలవు. వానిని రెండుగ కోసిన, తలముక్కకు తోక, తోకముక్కకు తల మొలచును. మిషిగన్ విశ్వవిద్యాలయమున జేమ్స్ మెకానెల్ వానికి వెలుగు చూపి, వెంటనే విద్యుదాఘాతమిచ్చుచు, వెలుగు కనబడగనే ముడుచుకొనుట నేర్పెను. తరువాత రెండుగ కోసి, అవి పెరిగినపిమ్మట పరీక్షింపగా, తోకనుండి పెరిగిన పురుగుకూడ పాఠమును మఱువలేదని 1959లో ప్రకటించెను. 1962లో అంతకంటె వింతయైన మాట చెప్పెను. నేర్చిన పురుగులను ముక్కలుచేసి నేర్వని పురుగులకు ఆహారముగ పెట్టగా, తిన్నవి త్వరగా నేర్చుకొన్నవట! జ్ఞాపకము ఒక రసాయనపదార్థమనియు, అది ఆర్.ఎన్.ఏ. కావచ్చుననియు అతని ఊహ.

బాలబాలికలారా, మీరు నవ్వుచున్నారు. ఉపాధ్యాయుని తినిన పాఠము వచ్చునా యని మీ తలంపు. ఆనాటి విద్యార్థులును ఇట్లే పరిహసించిరి. కాని శాస్త్రజ్ఞులు నవ్వి ఊరకుండలేదు. తామును చేసి చూచిరి. నోబెల్ బహుమతి పొందిన మెల్విన్ కాల్విన్ ప్రయోగశాలలో పురుగులకు ఆ మొదటి పాఠమే నమ్మకముగ నేర్పజాలకపోయిరి. ఎలుకల మెదడు సారమును వేఱు ఎలుకలకు ఎక్కించి చూచిన 23 మంది శాస్త్రజ్ఞులు తమకు ఫలితము కానరాలేదని 1966లో ఉమ్మడిగా లేఖ ప్రకటించిరి. జార్జి ఉంగార్ అనునాయన చీకటికి భయపడ నేర్చిన ఎలుకల మెదడులనుండి ‘స్కోటోఫోబిన్’ అను పదార్థమును తీసితినని 1972లో ‘నేచర్’ పత్రికలో వ్రాసెను. ఆ పత్రిక ఆయన వ్యాసము ప్రక్కనే పరీక్షకుని ఆక్షేపణలనుకూడ అచ్చువేసినది. ఇతరులచేత స్థిరపడక ఆ పదార్థము క్రమముగా మఱుగున పడినది.

కథ ఇంతటితో ముగిసినదనుకొనవలదు. 2013లో టఫ్ట్స్ విశ్వవిద్యాలయమున షోమ్రాట్, లెవిన్ అనువారు, మనిషి చేతి పొరపాటునకు తావులేకుండ యంత్రముచేతనే ప్లనేరియాలకు శిక్షణనిచ్చి, తలలు కత్తిరించి, కొత్త తలలు మొలచువఱకు వేచియుండి పరీక్షించిరి. కొత్తతల పురుగులు వెంటనే పాఠమును చూపలేదు. కాని ఒక్కమాఱు జ్ఞప్తికి తెచ్చినంతనే, నేర్వని పురుగులకంటె త్వరగా పట్టుకొన్నవి. 2018లో కాలిఫోర్నియాలో డేవిడ్ గ్లాన్జ్‌మన్ బృందము విద్యుదాఘాతములకు ఉలుకు నేర్చిన సముద్రపు నత్తలనుండి ఆర్.ఎన్.ఏ. తీసి, శిక్షణలేని నత్తలకు ఎక్కింపగా, అవియును తాకినప్పుడు సుమారు 40 సెకన్లపాటు ముడుచుకొనియుండెను. ఉలుకు హెచ్చుట వేఱు, కీర్తన గుర్తుండుట వేఱు; ఈ భేదమును మనము మఱువరాదు. ఈ ఫలితములపై వాదము ఇంకను సాగుచున్నది. అయినను మెకానెల్ పురుగులు ఒక మంచి పాఠము నేర్పినవి. వింతమాటను వెక్కిరించుటవలన ఏమియు తేలదు, పరీక్షించినచో తేలును. పరీక్షలో తప్పినదానినుండికూడ ఒక గింజ మిగిలి, మఱియొక తరమున మొలకెత్తవచ్చును.

ఇక మూడవ సిద్ధాంతము. నేను నమ్మగోరినది ఇదియే. దీనికి మన తెలుగునాటితోను, మనమున్న ఈ తమిళనాటితోను సంబంధము కలదు.

రూపర్ట్ షెల్‌డ్రేక్ అను ఆంగ్లేయుడు కేంబ్రిడ్జిలో జీవశాస్త్రమభ్యసించి, 1974లో హైదరాబాదునకు సమీపముననున్న పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ అను అంతర్జాతీయ పరిశోధనసంస్థలో చేరి, 1978 వఱకు కంది, శనగ పైరులమీద పరిశోధన చేసెను. పిమ్మట కుళిత్తలై చెంత కావేరియొడ్డుననున్న శాంతివనము అను ఆశ్రమమున నివసించి ఒక గ్రంథము వ్రాసెను. అది 1981లో వెలువడినది. జ్ఞాపకము మెదడులో నిలువ ఉండనే ఉండదనియు, ప్రకృతియంతటను ఒక విధమైన స్మృతి వ్యాపించియున్నదనియు, మెదడు రేడియోవలె తన గతముతో శ్రుతికలిపి దానిని అందుకొనుననియు ఆయన వాదము. రేడియో చెడినచో పాట వినబడదు. అంతమాత్రమున పాట రేడియో పెట్టెలో ఉన్నదనలేము గదా యని ఆయన ప్రశ్న. ‘నేచర్’ సంపాదకుడు జాన్ మాడాక్స్ ఆ గ్రంథము కాల్చదగినదా యను శీర్షికతో సంపాదకీయము వ్రాసెను. అది తగని మాట. గ్రంథమును కాల్చుట గ్రంథమునకు సమాధానము కాదు.

నా తల్లి పుట్టిన కావేరియొడ్డుననే ఈ గ్రంథము పుట్టినదని తెలిసినప్పుడు నా మనస్సు ఎంత ఊరట చెందెనో చెప్పజాలను. పెట్టె పాతబడినదే గాని పాట ఎక్కడికిని పోలేదు! నా పేరు లోకమున ఎచ్చటనో భద్రముగ నున్నది! కొన్ని నెలలు ఈ తలంపుతోనే బ్రతికితిని. పిమ్మట ఒకనాడు నాలోని ఉపాధ్యాయుడు నన్ను నిలదీసెను. “ఇది నిజమని ఏల నమ్ముచున్నావు? సాక్ష్యముండుటచేతనా? లేక నీకు కావలసియుండుటచేతనా?” అని.

సాక్ష్యమును వెదకితిని. 1990 ప్రాంతమున షెల్‌డ్రేక్, నాడీశాస్త్రజ్ఞుడు స్టీవెన్ రోజ్ కలిసి, పుట్టిన మఱునాటి కోడిపిల్లలమీద ఒక పరీక్ష జరుప నిశ్చయించుకొనిరి. ఒక జట్టు పిల్లలు చిన్న పసుపు దీపమును పొడిచిన పిమ్మట వానికి కడుపున వికారము కలిగించిరి. షెల్‌డ్రేక్ చెప్పినది నిజమైనచో, తరువాత పుట్టిన జట్ల పిల్లలు తమకై నేర్వకయే నానాటికి ఆ దీపమునకు వెనుదీయవలెను. పరీక్ష జరిగినది. సిద్ధాంతము ఓడినదని రోజ్ వ్రాసెను. అంకెలు తనకే అనుకూలమని షెల్‌డ్రేక్ వ్రాసెను. పరీక్షకు ఒప్పుకొనినందుకు ఆయనను మెచ్చుకొనవలెను. కాని ఏ ఫలితము వచ్చినచో తాను ఓడినట్లో ఇరుపక్షములు ముందే ఒక్క మాటగా ఒప్పుకొననిచో, పరీక్ష ముగిసినను వాదము ముగియదు.

నా సందేహమును తీర్చినది వేఱొక ప్రయోగము. 2013లో మసాచుసెట్స్ సాంకేతికసంస్థలో సుసుము తొనెగావా, స్టీవ్ రామిరెజ్, షూ ల్యూ మొదలగువారు ఒక ఎలుకను మొదటి పెట్టెలో విడిచిరి. అందు దానికి ఏ హానియు జరుగలేదు. ఆ పెట్టెను చూచునపుడు హిప్పోకాంపసులో పనిచేసిన కణములు మాత్రము వెలుగునకు లోబడునట్లు ముందుగనే జన్యువులచేత ఏర్పాటు చేసిరి. మఱునాడు రెండవ పెట్టెలో, సన్నని తంతిద్వారా వెలుగు పంపి ఆ కణములను మేల్కొల్పుచు, కాళ్లకు స్వల్ప విద్యుదాఘాతమిచ్చిరి. తరువాత మొదటి పెట్టెలో విడువగా, ఎలుక భయముతో కొయ్యబారినది. అక్కడ దానికి ఎన్నడును దెబ్బ తగులలేదు. జరుగని సంగతి దానికి జ్ఞాపకము వచ్చినది!

ఇప్పుడు రేడియో ఉపమానమును ఈ ప్రయోగమునకు అన్వయింపుడు. జ్ఞాపకము గతమునుండి వచ్చు పాటయైనచో, జరుగని గతమునుండి ఈ పాట ఎట్లు వచ్చినది? దానిని ఏ కేంద్రమును ప్రసారము చేయలేదు. కొన్ని కణములను ముట్టుటచేతనే అది కల్పితమైనది. మెదడులోని ఆ కణముల అల్లికయే జ్ఞాపకమునకు ఆధారమని నమ్ముటకు నాకింతకంటె బలమైన కారణము అక్కఱలేకపోయెను. ఆ రాత్రి రేడియోను కట్టివేసితిని. కష్టముగనే కట్టివేసితిని.

అయితే, అదే తొనెగావా ప్రయోగశాలనుండి 2016లో మఱియొక వ్యాసము వెలువడినది. మనుష్యులకు వచ్చు ఆల్జీమర్స్ మఱపు వ్యాధి వంటిదానిని ఎలుకలలో కలిగించి, దాని తొలిదశలో ధీరజ్ రాయ్ మొదలగువారు పరీక్షించిరి. ఆ ఎలుకలు నేర్చిన భయమును తమంత తాము తలంపునకు తెచ్చుకొనలేకపోయినవి. కాని ఆ జ్ఞాపకమును మోయు కణములను వెలుగుచేత మేల్కొల్పగనే భయము మఱల కనబడినది. అనగా జ్ఞాపకము నశింపలేదు. దానిని చేరు దారి మాత్రమే మూసికొనిపోయినది. ఇది ఎలుకలలో, అదియును వ్యాధి తొలిదశలో కనుగొన్న సంగతి. దీనినుండి మనుష్యులకు ఔషధమేదియు పుట్టినదని భ్రమింపరాదు. అయినను నేను కోరినదానిలో ఒక పిడికెడు నాకు దొరకినది. ఆకాశమునుండి గాదు, ఆ తలలోనుండియే దొరకినది.

కీర్తనయేల మిగిలినది? ఇటీవలి జ్ఞాపకములు ముందును, చిన్ననాటివి చివరను పోవునని ఫ్రెంచి పండితుడు రిబో 1881లోనే వ్రాసెను. 2015లో లైప్‌సిగ్ శాస్త్రజ్ఞులు, చిరకాలముగ నెఱిగిన పాటలను గుర్తించుటలో పనిచేయు మెదడు భాగములకు ఈ వ్యాధివలన తక్కిన భాగములకంటె తక్కువ నష్టము కలుగుచున్నదని చూపిరి. నా తల్లి ఆ పాటను ఏడేండ్ల ప్రాయమునుండి దినదినము పాడినది. ఆ కాలిబాట మీద ఆమె నడిచినన్ని మాఱులు నా పేరు మీద నడువలేదు. నేను పుట్టుటకు ఎంతో ముందే ఆ బాట పడినది. ఇది తెలిసినపిమ్మట నాకు చిన్నబుచ్చుకొనుట పోయినది.

జ్ఞాపకమును గూర్చి ఇంతవఱకు చెప్పితిని. అంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి మిగిలియున్నది. పాడుచున్న ఆ క్షణమున ‘నేను పాడుచున్నాను’ అను ఎఱుక ఆమెకు ఉండెనా? జడమైన అణువులతో నిర్మితమైన మెదడునందు ఆ ఎఱుక, ఆ చైతన్యము, ఎట్లు పుట్టును? ఇచ్చట అంగీకృతమతమనదగినది ఏదియు లేదు. కావున వింత సిద్ధాంతములకు కొదువ లేదు.

ఆక్స్‌ఫర్డు గణితశాస్త్రజ్ఞుడు రోజర్ పెన్రోజ్ 1989లో ఒక గ్రంథము వ్రాసి, చైతన్యము లెక్కలుకట్టు యంత్రమునకు సాధ్యము కాదనెను. తరువాత మత్తువైద్యుడు స్టువర్ట్ హమెరాఫ్‌తో కలిసి, కణములలోని సూక్ష్మనాళికలలో జరుగు క్వాంటం వ్యాపారమే చైతన్యమునకు మూలమని ప్రతిపాదించెను. మెదడువంటి వెచ్చని తడిచోట అట్టి స్థితి సెకనులో పదిలక్షల కోట్ల వంతైనను నిలువక చెదరునని 2000లో మాక్స్ టెగ్‌మార్క్ లెక్కించెను. వారు ప్రతిలెక్క వేసిరి. ఇటలీలోని గ్రాన్‌సాసో కొండ అడుగున జరిపిన పరీక్షలను ఆధారముగ గొని, ఆ సిద్ధాంతముయొక్క సరళరూపములు మిక్కిలి అసంభావ్యములని 2022లో కొందరు ప్రకటించిరి. పెన్రోజ్ 2020లో నోబెల్ బహుమతి పొందినవాడు. కాని అది కృష్ణబిలములను గూర్చిన కృషికి. ఒకచోట గెలిచిన కీర్తి మఱియొకచోట సాక్ష్యము కాజాలదు.

1998లో జర్మనీలోని బ్రెమెన్ నగరమున నాడీశాస్త్రజ్ఞుడు క్రిస్టాఫ్ కోక్, తత్త్వవేత్త డేవిడ్ చామర్స్ ఒక పందెము వేసికొనిరి. ఇరువదియైదేండ్లలో చైతన్యమునకు మెదడులోని గుర్తు స్పష్టముగ దొరకునని కోక్ పందెము. 2023లో న్యూయార్కు సభలో కోక్ తన ఓటమిని ఒప్పుకొని, చామర్స్‌కు ఒక పెట్టె ద్రాక్షాసవము సమర్పించెను. ఆ సంవత్సరమే, పరస్పరము పోటీపడు రెండు ప్రసిద్ధ సిద్ధాంతములవారు ముందుగనే షరతులు వ్రాసికొని, 256 మందిమీద ఉమ్మడిగా జరిపిన పరీక్షల ఫలితములను వెల్లడించిరి. రెండును కొన్ని అంశములలో నెగ్గి కొన్నింట తప్పినవి. ఓటమిని నవ్వుచు ఒప్పుకొను ఈ సంప్రదాయము నాకు ఏ సిద్ధాంతము కంటెను ఎక్కువ ప్రియమైనది.

తల్లిదండ్రులకు ఒక్క మాట మనవిచేయవలసియున్నది. మెదడును గూర్చిన మన అజ్ఞానమును సొమ్ము చేసికొనువారు కలరు. పిల్లల ‘మధ్యమస్తిష్కమును’ మేల్కొల్పి, కండ్లకు గంతలు కట్టినను చదువగలుగునట్లు చేసెదమని చెప్పు శిబిరములు మన ఊళ్లకును వచ్చినవి. మా బంధువులలో ఒకరు తమ కుమారునికై వేలకొలది రూపాయలు చెల్లించిరి. ఆ బాలుడు గంతలు కట్టుకొని మా ఇంట పుస్తకము చదివి చూపెను. నేను అతని గంతను తీసి, ఈతకొట్టువారి అద్దములకు లోపల నల్లకాగితము అంటించి పెట్టితిని. ముక్కు ప్రక్క సందు మూసికొనిపోయినది, చదువును ఆగిపోయినది. బాలుడు తలవంచుకొనెను. తప్పు వానిది కాదు. పెద్దలు మెచ్చుకొనుచున్నారని సందునుండి చూచుట నేర్చుకొన్నాడు, అంతే. మధ్యమస్తిష్కము నిజముగ నిద్రించినచో మనిషికి తెలివియే ఉండదు. దానిని వేఱుగ మేల్కొల్ప పనిలేదు. మెదడులో పదవవంతునే వాడుకొనుచున్నామనుట కూడ ఇట్టి కల్లయే.

చూచితిరా! పురుగుల సిద్ధాంతమును, పెన్రోజ్ సిద్ధాంతమును, ఈ గంతల శిబిరమును ఒక్క గాటకట్టరాదు. మొదటివి తమను ఓడించు సాక్ష్యమేదో చూపుటకు అవకాశమిచ్చినవి. కడపటిది నల్లకాగితమును చూచి పారిపోయినది. బాలబాలికలారా, రేపు మీరేదైన వింతమాట విన్నప్పుడు, నవ్వుటకుగాని నమ్ముటకుగాని తొందరపడకుడు. “ఏమి జరిగినచో ఇది తప్పని మీరు ఒప్పుకొందురు?” అని వినయముగ అడుగుడు. నా వంటి పెద్దవారు చెప్పినప్పుడుకూడ అడుగుడు. మీకు మిక్కిలి ప్రియమైన మాట యెడల మఱింత గట్టిగ అడుగుడు.

మా తల్లి కడపటి సంవత్సరమున నేను ఆమెను “నన్ను గుర్తుపట్టితివా?” అని అడుగుట మానివేసితిని. ఆ ప్రశ్న మూసికొనిపోయిన దారిమీద ఆమెను త్రోయుట యని తెలిసికొంటిని. దానికి బదులు సాయంకాలము ప్రక్కన కూర్చుండి ఆ కీర్తనను నేనే ఎత్తుకొనెడివాడను. రెండవ పాదమునకు ఆమె గొంతు కలిపెడిది. తాళము తప్పినప్పుడు నా చేతిమీద చిన్న దెబ్బ వేసెడిది, చిన్ననాడు వేసినట్లే. నా పేరు ఆమెకు తెలియదు. కాని ఆ దెబ్బలో నేనుంటిని.

ఇంట తెలుగు, వెలుపల వేఱొక భాష గల మన పిల్లలు ఈ పాఠశాలలో నేర్చు పద్యము, పాట, కథ పరీక్షకొఱకు మాత్రమే కావు. చిన్ననాడు మాటిమాటికి నడచిన బాటయే ముదిమియందు చివరివఱకు మిగులును. నేడు మీరు ఏ బాటలు వేసికొనుచున్నారో, మీ పిల్లలచేత ఏవి వేయించెదరో, ఆలోచింపుడు.